ట్రెబుల్ నాబ్ పక్కన గీత

హెడ్‌ఫోన్లాయన అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు ఏదో ఉండేది. కానీ పదకొండేళ్ళపాటు పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా నెత్తిన నల్ల కమ్మీ, చెవులకు రెండు దిండ్లూ తగిలించుకుని కూర్చున్న మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆయనదీ, తమ్ముడిదీ కలిపి ఒక రికార్డింగ్ కొట్టు. మేడమెట్ల కింద ఇరుకు గది. ఎనభైల్లో రాక్, పాప్ ఆల్బమ్ ఏది కావాలన్నా జనం అక్కడికే వచ్చేవారు. ఖాళీ క్యాసెట్ ఇచ్చి, గోడ మీది రికార్డు అట్టల్లో ఒకదాన్ని వేలితో చూపించి పోతే మర్నాటికి తయారు.

ఆ పాటగాళ్ళ పేర్లు అన్నదమ్ములిద్దరికీ నోరు తిరిగేవి కావు. అందుకని అట్ట మీద ఏ బొమ్మ ఉంటే అదే ఆల్బమ్ పేరు. వాన అట్ట, కాలిన కుర్చీ అట్ట, గుర్రం తల అట్ట. కొనేవాళ్ళకూ అదే అలవాటైంది. "గుర్రం తల రెండో వైపు ముందు ఎక్కించండి" అంటే ఇంకో మాట అక్కర్లేదు.

ఏటా డిసెంబరులో ఇద్దరూ కలిసి ఆ ఏడు తమకు నచ్చిన ఆల్బమ్‌ల పట్టీ రాసి తలుపుకు అంటించేవారు. దాని కోసం వారం రోజులు కీచులాట. అన్నకు గిటారు ఉరమాలి, డ్రమ్ములు గుండెల మీద పడాలి. తమ్ముడికి ఒక ఆడమనిషి గొంతు, వెనకాల సన్నగా తాళాల చప్పుడు ఉంటే చాలు. వాన అట్ట అంటే పడి చచ్చేవాడు.

"అది జలుబు చేసినవాళ్ళ పాటరా!"

"నీకు గోడలు కూలితే గానీ సంగీతం కాదు కదా అన్నయ్యా!"

అన్న ఏ పాటైనా శబ్దం చివరికంటా పెంచి వినేవాడు. వద్దంటే వినే రకం కాదు. ఎనభై తొమ్మిదిలో ఒకరోజు ఆయనకు తాళాల చప్పుడు తగ్గినట్టనిపించింది. రికార్డు ప్లేయరు సూది మార్చాడు. క్యాసెట్ డెక్కు లోపల స్పిరిట్‌తో తుడిచాడు. లాభం లేక ఆంప్లిఫయరు మీద ట్రెబుల్ నాబ్‌కు చెయ్యి వేశాడు. సన్నని శబ్దాలను పెంచేదీ తగ్గించేదీ అదే. ఇవాళ కాస్త, వచ్చే వారం ఇంకాస్త పెంచాడు. అప్పటికి ఆయన చెవికి హాయిగా ఉండేది.

క్యాసెట్లు మాత్రం వెనక్కి రావడం మొదలైంది. "ఇది పాటా, రేకు మీద మేకుతో గీస్తున్నారా?" అన్నాడొకడు. చిత్రమేమిటంటే కొన్ని క్యాసెట్లను జనం బాగున్నాయనేవారు. అవేమో ఆయన చెవికి దుప్పటి కప్పినట్టుండేవి. ఎవరో తన నాబ్ కదుపుతున్నారని ఆయనకు రూఢి అయింది.

ఒక మధ్యాహ్నం భోజనం నుంచి తొందరగా వచ్చాడు. తమ్ముడు నాబ్‌ను వెనక్కి తిప్పుతూ కనిపించాడు. తిప్పిన చోటు గుర్తుండడానికి కాబోలు, నాబ్ పక్కన రేకు మీద మేకుతో గీసిన గీత కూడా ఉంది. కొట్లో ముగ్గురు కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు.

"నా మెషీను ముట్టుకున్నావా, లేదా?"

"ముట్టుకున్నాను."

"ఎందుకు?"

తమ్ముడు ఆ ముగ్గురి వంకా చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. "ఊరికే" అన్నాడు.

"ఊరికేనా! ఇన్నాళ్ళూ కొట్టు పరువు తీసింది నువ్వన్నమాట! ఫో అవతలికి. మళ్ళీ ఈ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతాను!"

తమ్ముడు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడు పట్టీ పెద్దది. ఎనభైలన్నిట్లో మేటి పది ఆల్బమ్‌లు రాద్దామనుకున్నారు. అది ఏడో ఆల్బమ్ దగ్గర ఆగిపోయింది. అన్న ఆ గీత కనపడకుండా దాని మీద గాయాల ప్లాస్టర్ ముక్క అంటించాడు. అంత కోపం.

ఆ తర్వాత ఏ ఒక్క క్యాసెట్టూ బాగా రాలేదు. ఏడాది తిరక్కుండా కొట్టు మూతపడింది. "పోతూ పోతూ మెషీను పాడుచేసి పోయాడు" అని కనపడినవాళ్ళందరికీ చెప్పాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మందుల గోదాములో పెట్టెలకు చీటీలంటించే పనిలో చేరి, అక్కడే ముసలివాడయ్యాడు. తమ్ముడు ఒక లాండ్రీలో ఇస్త్రీ పెట్టె పట్టుకున్నాడు. రెండు వీధుల దూరం, ముప్ఫై మూడేళ్ళు మాటల్లేవు. మొన్న వేసవిలో తమ్ముడు గుండె ఆగి పోతే, ఈయన వాళ్ళింటి గేటు బయట కాసేపు నిలబడి తిరిగొచ్చేశాడు. ఎంత పాపిష్టి పట్టుదలో చూడండి.

శీతాకాలంలో భార్య ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు ఒక కాగితం చూపించాడు. దాని మీద గీత సగం దూరం వచ్చి, ఒక్కసారి కిందికి జారిపోయి ఉంది.

"సన్నని శబ్దాలు ముందు పోతాయండీ. పోయినట్టు మనకే తెలియదు. హెడ్‌ఫోన్ల పని అన్నారు కదా, మీకు ముప్ఫై దాటేసరికే మొదలై ఉంటుంది" అన్నాడు, పెద్దగా అరిచి.

ముప్ఫై దాటేసరికే. అంటే కొట్టు నడిచిన రోజుల్లోనే. అయితే క్యాసెట్లు పాడుచేసింది ఎవరు? తాను చచ్చేలోపు అదొక్కటి తెలియాలి. చెప్పగలిగినవాడేమో మట్టిలో ఉన్నాడు.

నెల తిరిగాక తమ్ముడి కూతురు వచ్చింది. చేతిలో నోటుపుస్తకం కాగితం. "నాన్న పెట్టెలో దొరికింది పెదనాన్నా. గుర్రం తల, వాన అట్ట అని ఏవేవో రాశారు. ఇవేంటి? ఎక్కడ దొరుకుతాయి?" అంది.

అవి అటక మీదే ఉన్నాయి. ఆంప్లిఫయరూ ఉంది. ఇద్దరూ కలిసి దించి దుమ్ము తుడిచారు. ఆయన వాన అట్ట రికార్డు పెట్టి, తన చెవికి కుదిరేలా ట్రెబుల్ నాబ్ తిప్పాడు. పాట మొదలవగానే ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుంది.

"అబ్బా, పెదనాన్నా! కోసేస్తోంది!"

ఆయన నాబ్ వదిలేశాడు. "నువ్వే తిప్పమ్మా. నీకు ఎక్కడ బాగుంటే అక్కడ ఆపు."

ఆ పిల్ల కళ్ళు మూసుకుని మెల్లగా వెనక్కి తిప్పింది. కాస్త ముందుకు, మళ్ళీ కాస్త వెనక్కి. "ఇదిగో, ఇక్కడ. ఎంత బాగుందో!"

నాబ్ మీది తెల్ల చుక్క, పసుపు తిరిగిన ప్లాస్టర్ ముక్క నడిమికి ఆనుకుని ఆగింది. ఆయన ముక్క అంచును గోటితో లేపాడు. ఎండిపోయిన జిగురు పొడిపొడిగా రాలింది. కింద మేకు గీత, చుక్కకు సరిగ్గా ఎదురుగా ఉంది.

"ఊరికే" అన్నాడు వాడు. రికార్డింగ్ చేసేవాడికి చెవులు పోయాయని ఆ ముగ్గురి ముందూ అని ఉంటే, ఆ సాయంత్రానికే అన్న బతుకు బజారున పడేది. అందుకని "ఊరికే" అన్నాడు. ఆ ఒక్క మాటా పట్టుకుని ముప్ఫై మూడేళ్ళు ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డాడు.

ముసలాయన నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆ పిల్ల కంగారుపడి నీళ్ళు తెచ్చింది. రికార్డు తిరుగుతూనే ఉంది.

"తాళాలు మోగుతున్నాయా తల్లీ?"

"ఆ, సన్నగా. మీకు వినపడట్లేదా?"

"లేదమ్మా." ఆయన కళ్ళు తుడుచుకుని ఆంప్లిఫయరుకు కాస్త ఎడంగా జరిగి కూర్చున్నాడు. "నాబ్ అక్కడే ఉంచు. నన్ను మాత్రం ముట్టుకోనివ్వకు."