అమ్మ రేడియోలో నాన్న గొంతు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్న అమ్మ వంటింట్లో రేడియో పెట్టుకుని కూరలు తరుగుతుంటే, పాట మధ్యలో మా నాన్న గొంతు వచ్చేసేది. "హలో బెంగుళూరు... వినబడుతోందా... ఓవర్" అంటూ.

నాన్న ఉన్నది పక్కగదిలోనే. అనకాపల్లి పోస్టాఫీసులో టెలిగ్రాములు పంపే తంతి పని ఆయనది. లైసెన్సు తెచ్చుకుని, వాల్వులూ తీగలూ పోగేసి, సొంతంగా హామ్ రేడియో సెట్టు కట్టుకున్నారు. అందులో మాట్లాడితే చుట్టుపక్కల రేడియోల్లోకీ ఆయన గొంతు దూరేది. పెరట్లో రెండు వెదురు గెడల మధ్య ఏరియల్. తనలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా వాళ్ళతో కబుర్లే కబుర్లు.

ఇంట్లో మాత్రం... అన్నం, మజ్జిగ, గొడుగు. ఈ మూడు మాటలతో రోజు వెళ్ళిపోయేది. ఒకసారి బెంగుళూరు తెలుగాయనతో, "మా ఇంటావిడ పనసపొట్టు కూర చేసిందంటే నాకింకేం అక్కర్లేదండీ" అన్నారు. ఆ మాట రేడియోలోంచి రాగానే కత్తిపీట మీద అమ్మ చెయ్యి ఆగిపోయింది. నేను చూశాను.

గోడవతల రహీం భాయ్ ఉండేవారు. రేకుతో డబ్బాలూ గరాటాలూ చేసేవారు. ఆయన రేడియోలోనూ నాన్నే. ఓరోజు గుమ్మంలోకి వచ్చి, "బాబుగారూ, మీ మాటలు బాగానే ఉంటన్నాయి గానీ, మా ఇంట్లో పాట మధ్యలో వత్తన్నాయి. ఏటి సేద్దాం?" అన్నారు.

నాన్న మొహం చిన్నబోయింది. నెల రోజుల్లో సరిచెయ్యలేకపోతే సెట్టు విప్పేస్తానని మాటిచ్చేశారు. ఆయన మాటంటే మాటే... అదే మా భయం.

ఇక చూస్కోండి. నేను భాయ్ ఇంట్లో రేడియో దగ్గర కాపలా. నాన్న గొంతు వస్తే గోడ మీంచి ఎర్ర తువ్వాలు ఊపాలి. ఏరియల్ జరిపారు, తీగలు మార్చారు... తువ్వాలు ఊపి ఊపి నా చెయ్యి పడిపోయింది. చివరికి, గొంతు పక్క రేడియోల్లోకి పోకుండా సెట్టు చుట్టూ రేకు డబ్బా కట్టాలని తేల్చారు. ఆ డబ్బా చేసిందెవరనుకున్నారు... రహీం భాయే. గాలి ఆడడానికి బెజ్జాలు కూడా కొట్టిచ్చారు.

డబ్బా నుంచి ఓ తీగ పెరట్లోకి తెచ్చి, ఉప్పూ బొగ్గులూ వేసి గోతిలో పాతిన రాగిరేకుకి కలిపారు. ఆ గొయ్యి ఎప్పుడూ తడిగా ఉంటేనే ఎర్తు పనిచేస్తుందట. రోజూ బిందెడు నీళ్ళు పొయ్యడం అమ్మ వంతు.

పాటలు శుభ్రంగా వచ్చాయి. నా తువ్వాలుకి సెలవు. అమ్మ మాత్రం ఎందుకో రేడియో ముందులా పెట్టేది కాదు...

రెండు వారాలు గడిచాయో లేదో, గోడకి ఇటూ అటూ రేడియోల్లో మళ్ళీ "హలో బెంగుళూరు"!

నాన్న డబ్బా విప్పారు, ప్రతి అతుకూ చూశారు. తప్పెక్కడో దొరకలేదు. గడువు రోజు వచ్చేసింది. స్క్రూడ్రైవర్ పట్టుకుని సెట్టు ముందు అలా కూర్చుండిపోయారు. ఆయన్నలా ఎప్పుడూ చూళ్ళేదు, నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు అమ్మ గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అంది. "సెట్టు విప్పకండి. గొయ్యి ఎండిపోయింది. నేనే నీళ్ళు పొయ్యలేదు."

ఎందుకని అడిగారు నాన్న.

"నాతోటి మీరు మాటాడేదే తక్కువ గదా... అలాగన్నా మీ మాట ఇందామని."

నాన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టేశారు. బిందె తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళారు. ఆ రోజు నుంచి గోతిలో నీళ్ళు పొయ్యడం ఆయన పనే.

తరవాతి ఆదివారం సెట్టు పక్కన రెండో కుర్చీ వేశారు. అమ్మ పైటకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అంచున కూర్చుంది. "ఇవాళ మా ఇంటావిడ పక్కనే ఉందండీ, నన్ను జాగ్రత్తగా మాట్లాడనివ్వండి" అన్నారు నాన్న బెంగుళూరాయనతో. అమ్మ అలా నవ్వడం నేనదే మొదటిసారి చూడ్డం.

అమ్మా నాన్నా ఇద్దరూ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. రేడియోల గురించి అంత తెలిసిన నాన్న, తన గొంతు ఒక్క టేపులోనైనా దాచలేదు...

ఇప్పుడు నా ఫోన్లో పాట మంచినీళ్ళలా వస్తుంది. ఎక్కడా గరగర లేదు, మధ్యలో ఎవరూ రారు. అయినా ఆదివారం పొద్దున్న కూర తరుగుతూ, ఒక్కోసారి చెయ్యి ఆపేస్తాను... వస్తుందేమోనని.

మీ ఇంట్లో మీరు మళ్ళీ వినాలనుకునే గొంతు ఎవరిది?