ఆగొద్దు, పారాలె

కోరుట్ల బస్టాండు ఎనుక పెండ్లి వీడియోలు చేసే భాయ్‌కి కాలు ఒక్కకాడ నిలువకపోయేది. కుర్చీల కూసున్నా మోకాలు ఊగుడే. పక్కన కూసున్నోళ్లకు గూడ నిమ్మళం ఉండకపోయేది. వీడియో జర ఆగితే ఆ ఊగుడు ఇంక ఎక్కువయ్యేది. "ఆగొద్దక్కా, నీళ్ల లెక్క పారాలె" అనేటోడు.

నా పెండ్లి వీడియో కోసం అమ్మ, నేను పోయినం. బాపు సచ్చిపోయినంక ఆయన నడిచేది చూసేటందుకు మాకు మిగిలింది అదొక్కటే. అది పాత సాఫ్ట్‌వేర్లనే తెరుసుకుంటది. ఆ సాఫ్ట్‌వేరేమో కొత్త కంప్యూటర్ల నడువది. అందుకని భాయ్ తన కంప్యూటర్ లోపల్నే వర్చువల్ మెషీన్ అని, చేతికి దొరకని ఇంకో కంప్యూటర్ పెట్టిండు. బొమ్మ హెచ్‌డీదే, అద్దం లెక్క ఉన్నది. కని అండ్ల ఆగుకుంట ఆగుకుంట నడిచింది.

అప్పగింతలు వచ్చినయి. బాపు నా చెయ్యి అత్త చేతుల పెట్టి, తువ్వాలతోని కండ్లు తుడుసుకుంట తెర మీద అట్లనే ఆగిపోయిండు. అమ్మ రెప్ప కొట్టలే.

"ఛీ, ఇజ్జత్ తీస్తున్నది!" భాయ్ లేచిండు, కూసున్నడు, సెట్టింగులు మార్చిండు, అంత బంద్ చేసి మళ్ల చాలూ చేసిండు. ఈసారి ఎక్కడా ఆగలే. బాపు కండ్లు తుడుసుకున్నడు, తిరిగిండు, జనంల కలిసిపోయిండు.

"సూడమ్మా, ఎట్ల పారుతున్నదో!" అని భాయ్ మురిసిండు.

"గప్పుడే పోయిండా?" అన్నది అమ్మ. "ఇందాక జరసేపు నిలవడ్డడు గద, భాయ్."

భాయ్ మోకాలు ఊగుడు బందైంది. మార్చిన సెట్టింగులు మళ్ల ఎనుకటి లెక్కనే పెట్టిండు.