ఐదో మైలు దగ్గర నలభై రెండు మగ్గుల నీళ్లు

1963 ఏప్రిల్ 15, సోమవారం, ఉదయం 10.40కి పెనుకొండ స్టేషన్లో దిగాను. అప్పుడు నేను సైన్యంలో నర్సింగ్ లెఫ్టినెంటును. సామాను: ట్రంకు పెట్టె ఒకటి, హోల్డాలు ఒకటి, మందుల పెట్టెలు రెండు. డ్యూటీ ఎనిమిది రోజులు. సైన్యంలో చేరడానికి వచ్చిన యువకులను తూచి, కొలిచి, చివరి రోజున పది మైళ్లు పరుగెత్తించాలి. నూరు నిమిషాల్లో తిరిగొచ్చినవాడు మర్నాడు ధర్మవరంలో రైలెక్కుతాడు. రానివాడు ఊరికి పోతాడు.

నేను పుట్టింది హిందూపురంలో. ఇక్కడి మాట, అలవాట్లు తెలిసినదాన్నని ఈ డ్యూటీ నాకు వేశారు.

22వ తేదీ, మళ్లీ సోమవారం. పరుగు ఆరింటికి మొదలవ్వాలి. నీళ్ల లారీ ఆలస్యం కావడంతో 9.10కి ఈల వేశారు. ధర్మవరం రోడ్డులో ఐదు మైళ్లు పోయి వెనక్కి రావాలి. నలభై రెండు మంది. కాన్వాసు బూట్లు, ఖాకీ నిక్కర్లు, ఛాతీ మీద గుడ్డ నంబర్లు. రోడ్డుకు రెండు వైపులా బండలు, బీడు చేలు. నీడ లేదు. తారు మెత్తబడి బూట్లకు అంటుకుంటోంది. థర్మామీటరు 102 చూపింది.

ఐదో మైలు దగ్గర నేను, రొళ్ల నుంచి వచ్చిన హవల్దారు, రెండు డ్రమ్ముల నీళ్లు. మనిషికి ఒక మగ్గు. ఇచ్చినట్టు రిజిస్టరులో టిక్కు పెట్టాలి. ఆర్డరు అంతే.

హవల్దారు ఎవరినీ వదల్లేదు. "ఏమబ్బా, పెండ్లి సూపులకు వస్తాండావా? అడుగెయ్యి."

ఇరవై ఏడో నంబరు రొద్దం రైతు కొడుకు. 9.58కి వచ్చాడు. మగ్గు అందుకుని నెత్తిన కుమ్మరించుకున్నాడు. పెదాలు గట్టిగా బిగించి ఉన్నాడు.

"తాగమంటే తలకు పోసుకుంటాండాడు సూడు సిస్టరమ్మా. పెండ్లికొడుకు ఈడే తయారు."

నేనూ నవ్వాను. టిక్కు పెట్టాను.

10.31కి వైర్‌లెస్ మోగింది. "ఎనిమిదో మైలు. ఇరవై ఏడు పడిపోయినాడు. ఒళ్లు కాల్తాండాది. సెమట ల్యా. ఓవర్."

"నీడకు చేర్చు. నీళ్లు తాగించు. ఓవర్."

"పండ్లు కరుసుకున్నాడు. నోరు తెరవల్యా. ఓవర్."

జీపులో చేరేసరికి 10.44. జ్వరం 108. ఐసు లేదు. పరుగు మొదలైన చోటి మందుల గుడారానికి తెచ్చి తడి దుప్పట్లు కప్పాం, సెలైన్ ఎక్కించాం. 12.20కి ప్రాణం పోయింది.

అతని ఊరివాడే ఒకడు పరుగు ముగించి వచ్చి గుడారం బయట నిలబడ్డాడు. "సోమారం ఒక్కపొద్దమ్మా వానికి. దీపం పెట్టేదాంకా పచ్చినీళ్లు గూడా ముట్టడు. ఉద్యోగం రావల్లని మొక్కినాడు. పొద్దున టీ గూడా నాకే పోసినాడు. మీకు తెలిస్తే పరిగెత్తనియ్యరని చెప్పొద్దన్యాడు."

మా అవ్వ కూడా సోమవారాలు అలాగే ఉండేది. నోటిలో చుక్క పడకుండా నెత్తిన నీళ్లు పోసుకోవడం చిన్నప్పుడు ఇంట్లో చూసినదాన్ని. ఆ రోజు రిజిస్టరు పేజీ పైన 'సోమవారం' అని నా చేత్తోనే రాశాను. నేను చేయాల్సిన పని టిక్కు పెట్టడం కాదు. ఆ యువకుణ్ణి ఆపి పక్కన కూర్చోబెట్టడం.

సాయంత్రం అయిదింటికి తండ్రి ఎద్దులబండిలో వచ్చాడు. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి అడిగాడు.

"దప్పికతో పోయినాడా అమ్మా మావోడు?"

"నీళ్లిచ్చినాము," అన్నాను. రిజిస్టరు తెరిచి చూపించాను.

"యాడ?"

వేలు పెట్టి చూపాను. అతనికి చదువు రాదు. ఆ టిక్కు మీద బొటనవేలు ఆనించి, ఆ వేలిని కళ్లకద్దుకున్నాడు. "అంతే సాలమ్మా," అన్నాడు.

రిజిస్టరు మూశాను. విచారణలోనూ అడిగినదానికే జవాబిచ్చాను. నలభై రెండు మగ్గులు, నలభై రెండు టిక్కులు. లోపమేమీ లేదని రాశారు. 23న ధర్మవరంలో రైలెక్కి వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత ఎన్నో గాయాలు చూశాను, మరిచాను. కళ్లకద్దుకున్న ఆ బొటనవేలు మాత్రం పోలేదు.

పరుగెత్తినవారు 42. తిరిగొచ్చినవారు 41. నష్టం: మనిషి ఒకడు, వయసు పంతొమ్మిది. సామాను ఏమీ పోలేదు.