పడలే బిడ్డా, కూసున్న

నాచారం పారిశ్రామికవాడ వెనక ఉన్న ఆ వృద్ధుల హోమ్ గేటు మీద ‘పెద్దల సేవే దైవసేవ’ అని రాసి ఉంటుంది. దైవానికి పడక పుండ్లు లేవవు, బాత్రూములో కాలు జారదు. పెద్దలకు రెండూ జరుగుతాయి. ఎన్ని జరిగాయో లెక్కగట్టి నెలనెలా హెడ్డాఫీసుకు పంపడం ఎస్తేర్ పని. ఏళ్ల తరబడి వార్డుల్లో నర్సుగా నిలబడి మోకాళ్లు అరిగాక, కూర్చుని చేసే పని కదా అని ఒప్పుకుంది. ఎవరు పడ్డారు, ఎవరి బరువు తగ్గింది, ఎవరి మాత్ర ఎవరి నోట్లో పడింది, అన్నీ ట్యాబ్‌లో ఎక్కించాలి. ఉప్పల్ నుంచి షేర్ ఆటోలో ఒళ్లు హూనమై వచ్చేది, అలాగే పోయేది.

లెక్క చెడ్డదేమీ కాదు. లెక్క ఉండబట్టే పై అంతస్తు శాంతయ్య వీపు మీద పుండు ముదరకముందే దొరికింది. చిక్కల్లా ఉప్పలమ్మతో వచ్చింది.

ఉప్పలమ్మ వయసంతా బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ చేసిన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమకాలు లాగేశాక కూతురు త్రివేణి ఇక్కడ చేర్పించింది. పళ్లెం రాగానే మంచం కోడు పట్టుకుని మెల్లగా దిగి నేల మీద కూర్చుంటుంది. లేవడానికి మాత్రం మనిషి కావాలి. హెడ్డాఫీసు నియమం ప్రకారం ఎవరైనా నేల మీద కనబడితే పడిపోయినట్టే. ట్యాబ్‌లో ‘కూర్చుంది’ అనే గడి లేదు.

“ఎట్ల పడ్డవ్ అవ్వా?” మొదటిసారి ఎస్తేర్ కంగారుగా అడిగింది.

“పడలే బిడ్డా, కూసున్న. మంచం మీద తిననీకి నేనేమన్న జరమొచ్చినదాన్నా?”

నెల తిరిగేసరికి నివేదికలో పడిపోవడాల వరస ఎర్రబడింది. మేనేజర్ ఉపేందర్ పిలిచాడు.

“ఏంది ఎస్తేరమ్మా గిది? ముసలామె ఒక్కతే బిల్డింగ్ మొత్తం ఇజ్జత్ తీస్తున్నది.”

“ఆమె పడుతలేదు సార్. తిననీకి దిగుతది.”

“నాకు తెల్వదా? మా అమ్మ గూడ గట్లనే తింటది. గని హెడ్డాఫీసోళ్లకు ఎవరు చెప్పాలె? మంచానికి రెయిలింగ్ పెట్టియ్యి, ఫికరే ఉండది.”

ఎస్తేర్ వాదించాల్సింది. ఆ రోజు ఓపిక లేదు. త్రివేణి చేత సంతకం పెట్టించుకుని, మంచానికి రెండువైపులా ఇనప కమ్మీలు బిగించారు.

“గీ కటకటాలేంది బిడ్డా? నేనెవ్వల్ని సంపిన?” అని ఉప్పలమ్మ నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. పళ్లేలు ముట్టకుండా వెనక్కి పంపింది. ఒక మధ్యాహ్నం కమ్మీ మీదుగా దిగబోయి నిజంగానే పడింది. కుడి మణికట్టు విరిగింది.

దవాఖానా నుంచి వచ్చేటప్పుడు త్రివేణి తిట్టలేదు. “నేనే గదక్కా సంతకం పెట్టింది” అని ఊరుకుంది. తిడితే బాగుండేదనిపించింది ఎస్తేర్‌కు.

నెలాఖరు నివేదిక వెళ్లింది. పడిపోవడాలు బాగా తగ్గాయని హెడ్డాఫీసు అభినందించింది. ఉపేందర్ దాన్ని స్టాఫ్ గ్రూపులో పెట్టాడు. కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

ఎస్తేర్ ఫోన్ పక్కన పెట్టి, మరమ్మతులు చూసే దయాకర్‌ను పిలిచి కమ్మీలు ఊడదీయించింది. కింద మందపాటి బొంత పరిపించింది. భోజనం వేళ తనే వెళ్లి, చంక కింద చేయి వేసి ఉప్పలమ్మను దించేది. దించిన ప్రతిసారీ ట్యాబ్‌లో పడిపోయినట్టే ఎక్కించి, పక్కన ‘నేనే కూర్చోబెట్టాను’ అని రాసేది.

కొన్నాళ్లకు ఉప్పలమ్మకు ముద్దలు కలిపి పెడుతుంటే మధ్యలో ఎస్తేర్ ఫోన్ మోగింది.

“ఎస్తేరమ్మా, గిన్నిసార్లు పడుడేంది? బిల్డింగ్ ఏమన్న ఊగుతున్నదా?” ఉపేందర్ గొంతు.

“ఎవ్వరు పడలే సార్. నేనే కూసోబెడుతున్న.”

“అయితే ఎక్కియ్యకు!”

“ఎక్కియ్యకుంటే రూలు గట్లనే ఉంటది, నా తర్వాత వచ్చెటోళ్లు మల్ల కమ్మీలు బిగిస్తరు. రూలు మారెదాంక ఎక్కిస్త.”

“నీ నౌకరీ మీదికొస్తది, సూస్కో.”

“రానియ్యుండ్రి సార్.” కోపం కూడా రాలేదు ఆమెకు. అలసటలో ధైర్యం లాంటిది ఒకటి ఉంటుంది, దానికి పొగడ్త అక్కర్లేదు.

ఫోన్ పెట్టేసి మళ్లీ పళ్లెంలో చెయ్యి పెట్టింది. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉప్పలమ్మ ఎదురుగా కూర్చుని ఉంది.

“మాటలయినయా? జర పప్పు ఎక్కువ కలుపు బిడ్డా, ముద్ద గొంతు దిగుతలేదు.”