కట్ట లోపలి వంతు

పులికాట్ ఒడ్డున కారులో తిరుగుతూ ఫ్లెమింగోలను చూసే రోడ్డు వేస్తామని ఆఫీసర్లు వచ్చినప్పుడు మా పాలెంలో అందరికన్నా ఎక్కువ సంబరపడింది మా నాయనే. ఊరి పెద్దల్లో ఆయన ఒకరు. "ఒడ్డున టీ అంగడి పెట్టుకుందాంలే" అని అమ్మకు ఆశ పెట్టాడు.

సరస్సులో వల కట్టే చోట్లను మేం ఏటా చీట్లు వేసి పంచుకుంటాం. ఏ చోటు వస్తే ఆ కుటుంబం ఏడాదంతా అక్కడే గుంజలు పాతి వల కట్టుకోవాలి. బాగాలేదని మార్చుకోవడం ఉండదు. మంచి చోటు ఎప్పుడూ ఒకరికే దక్కకుండా తాతలు పెట్టిన పద్ధతి అది.

కొలతలకు వచ్చిన ఆఫీసరు, రోడ్డుకట్ట లోపల పడే వల చోటు చూపించి ఎవరిదని అడిగాడు. నాయన ఛాతీ విరుచుకుని చెప్పాడు: "ఒకరిది కాదు సార్. ఎవురి వంతు వస్తే వాళ్లది." ఆఫీసరు 'యజమానులు లేరు' అని రాసుకున్నాడు. కింద నాయన సంతకం చేశాడు. యజమానులే లేరు కాబట్టి పరిహారమూ లేదన్నారు. న్యాయంగా బతుకుతున్నామని గొప్పగా చెప్పుకున్న మాటే మా మెడకు చుట్టుకుంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కట్ట పోశారు, లోపలున్న ఆ చోటికి నీళ్లు రావడం ఆగింది. కొన్నాళ్లకు పనీ ఆగింది. ఎందుకని అడిగితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది. గూడూరు నుంచి చుట్టాలొస్తే, తుమ్మచెట్లు మొలిచిన ఆ కట్టను 'మా టూరిస్టు రోడ్డు' అని చూపించి నవ్వుతాం. రోడ్డూ లేదు, చేపా లేదు. రెంటికి చెడ్డ రేవడి అయ్యాం. అక్కడ బుట్టలకొద్దీ రొయ్యలు పడేవని ఇప్పుడు అందరూ చెప్పేవాళ్లే. చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చేదట.

ఆ చోటు చీటీని తీసేద్దామని పాలెంలో గొడవ జరిగింది. నాయన ఒప్పుకోలేదు. "తీసేస్తే అది మనది కాదని మనమే ఒప్పుకున్నట్టు. రేపు కట్ట తెగ్గొట్టినా అడిగే నోరుండదు" అన్నాడు. ఒకసారి నోరు జారినవాడు కాబట్టి ఈ మాటను మాత్రం పట్టుకుని వదల్లేదు. ఏటా ఎవరో ఒకరికి ఆ ఎండిన చోటు వచ్చేది. వాళ్లు ఆ ఏడు చెన్నై పక్కకు కూలికి పోయేవాళ్లు. కొందరు తిరిగి రాలేదు. వాళ్ల ఆడవాళ్లు మా ఇంటి ముందు నుంచి పోతూ తల తిప్పుకునేవాళ్లు. వాళ్లను తప్పుపట్టలేను.

ఈ ఏడు అది నాయనకే వచ్చింది. చీటీ విప్పగానే పక్కనున్న పెద్దాయన మెల్లగా, "పోనీలే అన్నా, ఇంకోటి తియ్యి" అన్నాడు.

"మీకెవురికన్నా ఆ మాట నేను చెప్పినానా?" అన్నాడు నాయన.

మొదటి రోజే వల కట్టకపోతే వంతు చెల్లదు. తెల్లారగానే వల భుజాన వేసుకుని బయల్దేరాడు. పెళ్లయినా అదే పాలెంలో ఉంటాను కాబట్టి, కూతురిగా నేనూ గుంజలు మోసుకుంటూ వెంట వెళ్లాను. నెర్రెలిచ్చిన మట్టిలో గుంజ దిగలేదు. గడ్డపారతో గుంతలు తవ్వాం. ఆయన వల కట్టి, ఒక్కో ముడీ లాగి చూసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"నీళ్లొస్తాయా నాయనా?" అని అడిగాను.

"రావు" అన్నాడు. ఇంకో గుంజ ఇమ్మని చెయ్యి చాపాడు.