వానడవిలో పిడికెడు మిరపకాయలు

మా ఆయనకు ఊపిరి సరిగా ఆడని రోజులు మొదలయ్యాక ఆయన పనిచేసే కొట్టు షావుకారు ఒక్కసారే మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మంచినీళ్లిస్తే తాగలేదు. "సీజను మొదలైంది, ఎప్పుడొస్తావ్?" అని గుమ్మంలోనే అడిగి వెళ్లిపోయాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా. పెళ్లికి ముందు నుంచీ అదే పని. మాఘమాసం వచ్చిందంటే ఎండుమిర్చి టిక్కీలు లారీల మీద లారీలు దిగుతాయి. ఆ బస్తాల మధ్యే నిలబడి సరుకు చూడడం, తూకం రాయించడం. సాయంత్రం ఇంటికొచ్చి ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే ఆ గదిలోకి వెళ్లి నేను తుమ్మేదాన్ని. ఆయన తుమ్మేవారు కాదు. "నాకు అలవాటైపోయిందే" అనేవారు. అది అలవాటు కాదని, ఆ ఘాటు దుమ్మంతా ఏళ్ల తరబడి ఛాతీని తినేసిందని డాక్టరు చెప్పాడు. ఆ పని మానేయమని నేను చెప్పని రోజు లేదు. బళ్లో పిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాను, ఏడ్చి చెప్పాను, వంట మానేసి చెప్పాను. అన్నిటికీ ఒకటే జవాబు: "చూద్దాంలే."

ఈ సీజనులో కొన్నాళ్లైనా దుమ్ము లేనిచోట ఉంచమని డాక్టరు గట్టిగా చెప్పాక, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పడమటి కనుమల్లో, కర్ణాటక వైపు, వానడవి మధ్య ఒక బస చూసింది. చెట్లు కొట్టకుండా, కరెంటు వైరు లాగకుండా, మట్టి గోడలతో కట్టిన కుటీరాలట. మా ఆయనకు నచ్చలేదు.

"గాలే కదా కావాల్సింది? వాడరేవు పోదాం. సముద్రం గాలి మంచిది కాదా?" అన్నారు.

వాడరేవు వెళ్తే మర్నాటికల్లా యార్డులో తేలతారని నాకు తెలుసు. అందుకని నేను పట్టు వదల్లేదు. చివరికి రెండు షరతుల మీద ఒప్పుకున్నారు. ఒకటి, వాళ్లక్కను కూడా తీసుకెళ్లాలి. రెండు, ఈ జబ్బు సంగతి ఆవిడకు చెప్పకూడదు.

మా వదినది ఒంగోలు వైపు పల్లెటూరు. మా ఆయన చిన్నతనంలోనే అత్తగారు పోతే ఆయన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. అది నేను కాదనను. కానీ మా గృహప్రవేశం రోజు, బంతిలో అందరూ కూర్చుని ఉండగా నా పులుసు నోట్లో పెట్టుకుని, "ఏమ్మాయ్, మీ పుట్టింటి వైపు ఉప్పు దొరకదా?" అన్నది కూడా ఆవిడే. ఆ నవ్వులు నాకింకా వినిపిస్తుంటాయి. పెళ్లయ్యాక మేం ఇద్దరం కలిసి సరదాగా ఎక్కడికీ వెళ్లలేదు. తీరా వెళ్లే రోజు వచ్చేసరికి రైల్లో మా ఇద్దరి మధ్య వదిన కూర్చుంది, ఒళ్లో గుడ్డ సంచీ పెట్టుకుని. అందులో గోంగూర పచ్చడి, కారప్పొడి, ఎండుమిరపకాయలు.

బసకు చేరగానే మాకు జరిగిన మర్యాద ఏమిటంటే, మా సంచులు విప్పించడం. దోమల చుట్టలు తీసి పక్కన పెట్టారు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు తీశారు. సబ్బులు తీసుకుని కుంకుడుకాయ పొడి ఇచ్చారు. ఇక్కడి నీళ్లన్నీ వాగులోకే పోతాయి, వాగులో కప్పలున్నాయి, అన్నది ఆ బస నడిపే ఆవిడ, వచ్చీరాని తెలుగులో. కప్పలకు ఇచ్చే విలువ మనుషులకు ఇవ్వరేమిటని నేను అడిగాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. గదిలో టీవీ లేదు, ఫ్యాను లేదు. కిటికీలకు అద్దాలు లేవు, దోమతెర మాత్రమే. ఆరేసిన తువ్వాలు ఆరదు. ఫోనుకు సిగ్నలు అందదు. సాంబారులో బెల్లం. ఆ సంగతి నేను చెప్పబోతుంటే వదినే ముందు అనేసింది: "ఇది సాంబారా, పాయసమా? ఏదో ఒకటి తేల్చమను!" మొదటిసారి ఆవిడ మాటకు నాకు నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు.

ఇన్ని తప్పులు చెప్పాను కాబట్టి ఒప్పు కూడా చెప్పాలి. అక్కడ ఆయన నిద్రపోయారు. మా ఇంట్లో ఆయనకు వెనక మూడు దిళ్లు పెట్టి కూర్చోబెట్టాలి. ఇక్కడ ఒక్క దిండు మీద తల ఆనించి, నోరు కాస్త తెరిచి, తెల్లగా తెల్లవారేదాకా పడుకున్నారు. బయట చెట్ల మీది మంచు చినుకుల్లా కప్పు మీద రాలుతోంది. ఆ చప్పుడు మధ్య ఆయన ఊపిరి వెతుక్కుంటూ విన్నాను. ఇంట్లో రోజూ ఛాతీలోంచి వినిపించే ఈల లేదు. నేను లేచి వరండాలోకి వెళ్లి ఒక్కదాన్నే కాసేపు ఏడ్చాను. అడవి చూద్దామని వచ్చినవాళ్లెవరూ అలా ఏడ్చి ఉండరు.

రెండు రోజులు బాగా గడిచాయి. ఇన్‌హేలరు మాత్రం అక్క కంట పడకుండా స్నానాల గదిలో అటక మీద దాచుకుని, తలుపేసుకుని పీల్చుకునేవారు.

పక్క కుటీరంలో హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులు దిగారు. పొద్దున ఫలహారం దగ్గర ఆ అమ్మాయి మా ఆయన్ని చూసి, "అంకుల్ ఎంత హాయిగా నిద్రపోతున్నారో! మా ఆయనకైతే ఈ పురుగుల మోతకు కన్నే మూతపడట్లేదు" అంది. మంచి మాటే. కానీ వదిన చేతిలోని ఇడ్లీ ముక్క అక్కడే ఆగిపోయింది. ఆ అమ్మాయిని కింది నుంచి పైకి ఒకసారి చూసింది.

ఆ సాయంత్రం వాగు దగ్గర నుంచి మెట్లెక్కి వస్తూ ఆయన రెండుసార్లు దగ్గారు. మామూలు దగ్గే.

"చూశావా? ఆ పిల్ల కన్ను తగిలింది" అంది వదిన.

"ఏం కాదు వదినా, మెట్లెక్కారు కదా" అన్నాను.

"నీకు తెలియదమ్మాయ్, నువ్వుండు."

మా వైపు ఎలా చేస్తారో అందరికీ తెలిసిందే. ఎండుమిరపకాయలు, ఉప్పు పిడికిట్లో పట్టుకుని మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, ముక్కులు మండితే లేనట్టు. పల్లెలో అయితే పెరట్లో, ఆరుబయట పొయ్యిలో వేస్తారు. ఘాటు ఏదైనా వస్తే గాలి పొలాల మీదికి ఎత్తుకుపోతుంది. ఇక్కడ ఉన్న నిప్పు ఒక్కటే. కుటీరం వెనక స్నానాల గది గోడకు ఆనించి నీళ్లు కాచే రాగి అండా ఉంది, దాని కిందే పొయ్యి. చుట్టూ గోడ కట్టినట్టు చెట్లు. ఆకు కదలదు.

ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. వదిన "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ మూడుసార్లు తిప్పింది. "ఏందక్కా ఇది, నేనేమన్నా పసిపిల్లాణ్ణా?" అని ఆయన నవ్వారు. "నోరుమూసుకు కూర్చోరా" అంటూ ఆవిడ వెనక్కి వెళ్లింది. ఎవరైనా ఐదో ఏడో కాయలు వేస్తారు. తమ్ముడి మీద ప్రేమ కొద్దీ ఆవిడ పిడికెడు వేసింది. అవీ తేజా రకం, అన్నిటికన్నా ఘాటైనవి. స్వయంగా ఆయనే యార్డు నుంచి అక్కకు పంపించినవి.

పొగ పైకి పోలేదు. ఆ తడిగాలిలో బరువుగా నేల మీదే పరుచుకుని, దోమతెరల్లోంచి ఇంట్లోకి వచ్చి, వరండాలోకి పాకింది. ముందు పక్క కుటీరంలో తుమ్ములు మొదలయ్యాయి. తర్వాత వంటింటి వైపు. మాకు కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. ఆయనకు దగ్గు పట్టుకుంది. దగ్గు మధ్య ఊపిరి లోపలికి పోవడం లేదు. కుర్చీ చేతుల్ని పట్టుకుని ముందుకు వంగిపోయారు. పెదాలు నల్లబడడం నేను చూశాను.

ఇన్‌హేలరు స్నానాల గదిలో ఉంది. పొగ ఎక్కువున్నదీ అక్కడే. కొంగు ముక్కుకు చుట్టుకుని లోపలికి పరుగెత్తాను. కళ్లు తెరవలేక, అటక మీద చేత్తో తడిమి తడిమి తెచ్చాను. నేను వచ్చేసరికి పక్క కుటీరం దంపతులు, బస నడిపే ఆవిడ ముగ్గురూ కలిసి ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి మెట్ల వైపు దింపుతున్నారు. వాగు దగ్గర మాత్రం నీళ్లతోపాటు గాలి కదులుతోంది. అక్కడ కూర్చోబెట్టాం. నేను ఇన్‌హేలరు నోట్లో పెట్టి నొక్కాను, ఆగి మళ్లీ నొక్కాను. ఏ కన్ను తగిలిందని వదిన అనుకుందో ఆ అమ్మాయే చీరె తడుస్తున్నా వాగులో మోకాళ్ల మీద కూర్చుని, "నెమ్మదిగా అంకుల్, నాతోపాటు పీల్చండి" అంటూ ఆయన వీపు రాస్తోంది.

వదిన మెట్ల మీదే నిలబడిపోయింది. పిడికిలి ఇంకా మూసే ఉంది. "నా చేతులతో నేనే చంపుకున్నానే" అంటోంది, మళ్లీ మళ్లీ అదే మాట.

ఊపిరి అందాక ఆయన తలెత్తి, "తేజా పిడికెడు వేస్తారా ఎవరన్నా? అక్కా, బతికి ఉన్నానా నేను?" అన్నారు.

వదిన దిగి వచ్చి నా చేతిలోని ఇన్‌హేలరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇలాంటిది ఆవిడ ఊళ్లోనూ ఎవరికో ఉండి ఉంటుంది, అదేమిటో అడగలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది. ఆయన్ని కాదు, నన్ను.

చెప్పాను. షరతుతో సహా అంతా చెప్పాను. షావుకారు గుమ్మంలో నిలబడి అన్న మాట కూడా చెప్పాను.

"వీడు ఫ్యాను కింద కూర్చుని లెక్కలు రాసుకుంటాడనుకున్నాను. మా వాడిది నీడపట్టున ఉద్యోగమని ఊరంతా చెప్పుకున్నాను" అంది. ఇన్‌హేలరు తిరిగి నా చేతిలో పెట్టి, "ఇదంతా ఒక్కదానివే మోశావా అమ్మాయ్?" అంది.

ఆ ప్రశ్న నన్ను మా అమ్మ కూడా అడగలేదు.

అప్పుడు వదిన తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, పిడికెడు కాయలు కాలితే ఇంతమందిమి పారిపోయి వచ్చాం. నువ్వు లారీల కొద్దీ సరుకులో నిలబడుతున్నావు. ఇక వెళ్లబాక."

"సరే అక్కా" అన్నారాయన.

అంతే. రెండు మాటలు. నా ఒళ్లు మండిపోయింది. "నేను ఇన్నేళ్లుగా మొత్తుకుంటే వినని మనిషి..." అని అక్కడే, పరాయివాళ్ల ముందే మొదలుపెట్టాను.

"నువ్వు రోజూ అంటావు కదే" అన్నారు.

"రోజూ అన్నది కాబట్టే రోజూ వినాలిరా వెధవా!" అని వదిన విరుచుకుపడింది. ఆవిడ నా వైపు మాట్లాడడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. అయినా ఆ "సరే అక్కా" మాత్రం నేను మర్చిపోను. ఆయనకు ఆ సంగతి తెలుసు.

ఆ రాత్రి వంటింట్లో అందరికీ అన్నాలు ఆలస్యమయ్యాయి. వదిన అన్నం కలపలేకపోతుంటే నేనే కలిపి పెట్టాను. కిక్కురుమనకుండా తింది.

మర్నాడు పొద్దున వంటింటి పక్కన గోడకున్న పాత ఫోనులో ఆయన షావుకారుకు ఫోను చేశారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఎక్కువసేపు మాట్లాడలేదు. ఇక రానని, సీజను అయ్యాక కూడా రానని చెప్పి, అవతలి మాటలు వింటూ ఊ కొట్టి, పెట్టేశారు.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఏమీ అనలేదు. నా బదులు ఎవర్నన్నా నమ్మకమైన మనిషిని చూసి పంపమన్నాడు."

"ఎవరి పేరు చెప్పారు?"

ఆయన వరండా అంచున కూర్చుని చెప్పుల్లోకి కాళ్లు దూర్చుకుంటూ, "ఎవరి పేరని చెప్పనే, ఆ దుమ్ములోకి?" అన్నారు.