చెయ్యి లేని వెల్డర్ చేసిన తప్పు

లమ్రియా అక్క బాతం దీవిలోని ఓడల యార్డులో పద్దెనిమిదేళ్లు వెల్డింగ్ చేసింది. సమోసిర్ దీవి నుంచి వచ్చిన బతక్ తెగ మనిషి. గుసగుసగా మాట్లాడినా పక్క షెడ్డుకి వినబడుతుంది. ఈ ఏడాది డాక్టరు ఆమె కళ్లు చూసి, ఇక ఆ మంట ముందు కూర్చోవద్దన్నాడు. యార్డులో అతుకులు తనిఖీ చేసే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. పరీక్ష నెగ్గితే అది ఆమెది. రెండుసార్లు తప్పింది. మూడోదే ఆఖరు.

నేను ఆ శిక్షణ గదిలో కాఫీ కాచి, బల్లలు తుడుస్తాను. ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను. ఎవరితోనూ పెద్దగా మాట్లాడను, చూస్తుంటాను.

అక్కడ నిజం ఇనుము ఉండదు. బల్ల మీద ఒక ప్లాస్టిక్ పలక, దాని మీద జరపడానికి, శబ్దం పంపే అగ్గిపెట్టెంత ప్రోబు, ఎదురుగా తెర. తెర పైసగంలో అతుకు బొమ్మ, కిందిసగంలో ఒక పచ్చ గీత. ఇనుములోకి పంపిన శబ్దం అతుకు లోపలి తప్పుకి తగిలి వెనక్కొచ్చినట్టే ఆ గీత ఎగురుతుంది. పాఠం చెప్పే పాక్ విర్యో, అంటే విర్యో సారు, ఒక్క మీట నొక్కితే చాలు, అదే పలకలో కొత్త పగులు, కొత్త బుడగ.

అక్క బొమ్మ చూసి, వెల్డింగ్ రాడ్డు అయిపోయి కొత్తది మార్చిన చోట్లకే ప్రోబు తీసుకెళ్లేది. వెల్డర్ చెయ్యి తడబడేది అక్కడే మరి. రెండోసారి తప్పినప్పుడు బల్ల గుద్దింది.

"మధ్యలో తప్పేంటి పాక్? అక్కడ చెడగొట్టాలంటే వెల్డర్ తాగి ఉండాలి!"

"కంప్యూటర్‌కి చెయ్యే లేదమ్మా, తాగేదెక్కడ? ఇష్టమొచ్చిన చోట దాస్తుంది. నువ్వు వెతకట్లేదు, ఊహిస్తున్నావు."

పక్క బల్ల దగ్గర కొత్త ఇంజనీరు ఫజ్రీ, కారానికి పేరుపడ్డ పాడాంగ్ ఊరి అబ్బాయి, నవ్వాడు. "ఇంకా గట్టిగా అరువు అక్కా. భయపడి తప్పే బయటికొస్తుంది."

"మిరపకాయల సాంబల్ పచ్చట్లో కారం ఉందో లేదో మీటరు పెట్టి చూసే రకం, నువ్వా చెప్పేది!"

శుక్రవారం పరీక్ష. నలభై నిమిషాలు. అక్క తెర ముందు కూర్చుని నా వైపు తిరిగింది.

"చెల్లీ, అన్నం పొట్లాల కాగితం ఉందా?"

ఇచ్చాను. దాన్ని చింపి, అతుకు బొమ్మ కనబడకుండా తెర పైసగం మీద అంటించింది.

"బొమ్మ చూస్తే నా చెయ్యి వెల్డర్ చెయ్యి అయిపోతోంది. గీత ఒక్కటి చాలు."

పాక్ విర్యో నియమాల పుస్తకం తిరగేశాడు. కాగితం అంటించకూడదని ఏ నియమమూ లేదు.

అక్క పలక అంచు నుంచి మొదలుపెట్టింది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, వేలెడు కూడా వదలకుండా. ఇరవై నిమిషాల్లో రెండు దొరికాయి.

"చాల్లే అక్కా, సంతకం పెట్టెయ్," అన్నాడు ఫజ్రీ మెల్లగా.

"ఇంకా జానెడుంది. నోర్ముయ్."

ఆరు నిమిషాలే మిగిలాయి. గీత రవ్వంత కదిలింది. అక్క చెయ్యి ఆగింది, వెనక్కొచ్చింది. గీత నిలువునా లేచింది! కాఫీ పళ్లెం కింద పెట్టడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను. అక్క ప్రోబుని కాస్త పక్కకి తిప్పగానే గీత పడిపోయింది.

"బుడగైతే ఎటు తిప్పినా పలుకుతుంది. ఇది రేకులా పలచన. పక్క గోడకి లోహం అతకలేదు. లోతు పదకొండు మిల్లీమీటర్లు," అని గొణుగుతూనే జవాబు కాగితం మీద రాసేసింది.

పాక్ విర్యో మీట నొక్కాడు. దాచినవి మూడు. దొరికినవి మూడు. లోతులో తేడా అర మిల్లీమీటరు.

"హొరాస్!" అని అక్క బతక్ మాటలో వేసిన జయకేకకి కిటికీ అద్దాలు అదిరాయి. ఫజ్రీ కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. నేనూ అరిచాను. ఆ హోరులో ఎవరికీ వినబడలేదు.

పాక్ విర్యో అభినందనగా చెయ్యి చాచాడు. అక్క ప్రోబు వదలందే ఎలా అందుకుంటుంది?

"ఇంకోటి పెట్టండి పాక్."

"నెగ్గావుగా అక్కా!" అన్నాడు ఫజ్రీ.

"అందుకేరా. ఇప్పుడే చేతికి పట్టుబడింది. ఈసారి నాలుగు దాచమనండి దాన్ని!"

ఫజ్రీ తన కుర్చీ ఆమె పక్కకి లాక్కున్నాడు.